రికార్డు ఒక చోట, రోగి మరో చోట

రెండు ఆసుపత్రుల కంప్యూటర్లను కలపడం ఒక ఎత్తయితే, ఒకదానిలో నమోదైన విషయం రెండోదానికి అదే అర్థంతో చేరేలా చూడడం మరో ఎత్తు. ఇంటర్‌ఆపరబిలిటీ అనే మాటకు అసలు అర్థం ఈ రెండోదే. పరగడుపున చేసే చక్కెర పరీక్షను ఒక ల్యాబ్ ఎఫ్‌బీఎస్ అని, మరొకటి ఫాస్టింగ్ షుగర్ అని రాసుకుంటుంది. మన దేశంలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములుగా వచ్చే ఫలితం బ్రిటన్‌లో లీటరుకు 7 మిల్లీమోల్స్‌గా కనిపిస్తుంది. వైద్యుడు ఇట్టే పోల్చుకుంటాడు గాని, యంత్రానికి అవి రెండు వేరు వేరు అంకెలు. అందుకే పరీక్షలకు లాయింక్ అనే అంతర్జాతీయ సంకేతాల పట్టిక పుట్టింది. అందులో మిల్లీగ్రాముల లెక్కన చెప్పే పరగడుపు గ్లూకోజుకు 1558-6 అనే సంఖ్య ఉంది. రోగాల పేర్లకు స్నోమెడ్ సీటీ, సమాచారాన్ని పంపే మూసకు ఫైర్ ఇలాంటివే.

భారత ప్రభుత్వం 2013లోనే ఇలాంటి ప్రమాణాలను ప్రకటించి, 2016లో సవరించింది. అయితే ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోనివి కావడం వల్ల, పైగా వైద్యంలో పెద్ద వాటా ప్రైవేటుదే కావడం వల్ల, కేంద్రం చెప్పినంత మాత్రాన పని జరగదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్‌కు చెందిన విశ్రాంత ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 2019లో రూపొందించిన ప్రణాళిక ఈ చిక్కును గుర్తించి, రికార్డులన్నిటినీ ఒకే గోదాములో పోయకుండా, పుట్టినచోటే ఉంచి, అవసరమైనప్పుడు మాత్రమే కదిలించాలని సూచించింది. 2020 ఆగస్టు 15న 6 కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన ఈ పథకం, 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌గా దేశమంతటికీ విస్తరించింది.

విజయవాడ ల్యాబులోని రిపోర్టు హైదరాబాదు వైద్యుడికి కావలసి వచ్చిందనుకుంటే, ఏ రికార్డులు, ఏ తేదీలవి, ఎందుకోసం, ఎంతకాలం అనే వివరాలతో ఒక అభ్యర్థన రోగి ఫోనుకు వస్తుంది. ఆభా అనే 14 అంకెల సంఖ్య రోగి ఎవరన్నది తేలుస్తుంది. రోగి ఒప్పుకుంటేనే రిపోర్టు గుప్తలిపిలో ల్యాబు నుంచి వైద్యుడి కంప్యూటరుకు చేరుతుంది. మధ్యనున్న వ్యవస్థకు అందులో ఏముందో కనిపించదు. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు, అప్పటికే చదివేసినదాన్ని మరిపించే ఉపాయం మాత్రం ఏ కంప్యూటరుకూ లేదు.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకు బలహీనత రాసే చోటే ఉంది. ఓపీ గది ముందు బారులు తీరిన రోగులను చూస్తూ సంకేతాల ప్రకారం వివరాలు ఎక్కించే శ్రమ ఒక ఆసుపత్రిదైతే, దాని ఫలితం చాలాసార్లు రేపు రోగి వెళ్లే మరో ఆసుపత్రికి దక్కుతుంది. ప్రభుత్వం 2023 జనవరిలో ప్రోత్సాహక నగదు ఇవ్వడం మొదలుపెట్టింది ఈ లెక్క సరిచేయడానికే. ఆ శ్రమ లేకుండా, చేతిరాత చీటీని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపే వెసులుబాటు కూడా ఉంది. ఆ ఫైలు క్షణాల్లో చేరుతుంది, తెరపై 126 స్పష్టంగా కనిపిస్తుంది. కానీ యంత్రానికి అది బొమ్మ మాత్రమే కనుక, మూడేళ్ల చక్కెర విలువలను పక్కపక్కన చూడాలనుకున్న వైద్యుడు ఒక్కో ఫైలూ తెరిచి కాగితం మీద రాసుకోవలసిందే.