తీగలో కాదు, తీగ చుట్టూ

విద్యుత్తును గొట్టంలో పారే నీటితో పోల్చి చెప్పడం బడిపుస్తకాల నుంచీ అలవాటైపోయింది గాని, మేడ్చల్ జిల్లాలో శామీర్‌పేట దగ్గరి అలియాబాద్ వంటి ఊళ్లో బోరు మోటారుకు శక్తి చేరే దారిని వెంబడిస్తే ఆ పోలిక ట్రాన్స్‌ఫార్మర్ గద్దె దాకా వచ్చి ఆగిపోతుంది. 11 వేల వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మర్‌లోకి దిగుతుంది, 433 వోల్టుల లైను బయటికి వస్తుంది; లోపల ఈ రెండింటికీ ఎక్కడా అతుకు లేదు. సిలికాన్ ఉక్కు రేకులు పేర్చి కట్టిన దిమ్మె మీద అవి రెండు వేర్వేరు చుట్టలుగా ఉంటాయి, వాటి నడుమ ఉన్నవి కాగితం, నూనె మాత్రమే. నీరే అయితే ఆ అడ్డు దాటేది కాదు.

దాటుతున్నది క్షేత్రం, అంటే ఒక వస్తువు తాకకుండానే మరొక వస్తువు మీద బలం చూపగలిగే పరిసరం. తీగ ఉపరితలం మీద చేరిన ఆవేశాలు ఎలక్ట్రాన్లను నెట్టే విద్యుత్ క్షేత్రాన్ని కల్పిస్తాయి. కదిలే ఎలక్ట్రాన్లు తీగ చుట్టూ వలయాలుగా అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తాయి. ఈ రెండో సంగతిని 1820లో ఓర్‌స్టెడ్ దిక్సూచి ముల్లు కదలికలో పట్టుకున్నాడు. ఎలక్ట్రాన్ల నడక మహా నెమ్మది: చదరపు మిల్లీమీటరు రాగి తీగలో ఒక ఆంపియరు పారేటప్పుడు అవి సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు కూడా జరగవు, ఏసీ కరెంటులోనైతే ఉన్నచోటనే ఊగుతాయి. శక్తి మాత్రం ఈ రెండు క్షేత్రాల తోడుతో తీగ వెలుపలి జాగాలో సాగుతుందని 1884లో పాయింటింగ్ గణితంతో నిరూపించాడు.

ఒంటరి తీగ క్షేత్రం బలహీనం. 50 ఆంపియర్లు మోసే తీగకు 10 మీటర్ల దూరంలో అది ఒక మైక్రోటెస్లా, అంటే భూమి సొంత అయస్కాంత క్షేత్రంలో నలభయ్యో వంతు. అదే తీగను ఉక్కు చుట్టూ వందల చుట్లు తిప్పితే ఆ బలాలన్నీ ఒకే దిక్కున కలిసి, ఉక్కు తోడై, ఒకటిన్నర టెస్లా దరిదాపులకు చేరతాయి. మారే అయస్కాంత క్షేత్రం పక్క చుట్టలో వోల్టేజీ పుట్టిస్తుందన్నది 1831 నాటి ఫారడే ఆవిష్కరణ. ఎక్కువ వోల్టేజీ వైపు 44 చుట్లకు తక్కువ వోల్టేజీ వైపు ఒక చుట్టు చొప్పున ఉండబట్టే ఫేజుకు 11 వేలు కాస్తా 250 వోల్టులవుతాయి. రెండు ఫేజుల మధ్య కొలిస్తే అదే 433. గద్దె దగ్గర వినిపించే గుయ్‌మనే మోత, ఉక్కు రేకులు సెకనుకు వందసార్లు కంటికి కనిపించనంతగా సాగి ముడుచుకోవడం వల్ల వచ్చేదే.

బోరులోని మోటారూ ఈ కోవలోనిదే. మూడు ఫేజుల చుట్టలు కలిసి నిమిషానికి 3,000 సార్లు గిర్రున తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తే, ఏ తీగా తగిలించని రోటరు, అంటే మోటారులో తిరిగే భాగం, దాని వెంటబడి కొద్దిగా వెనకబడుతూ తిరుగుతుంది. ఒక ఫేజు పోయిందా, క్షేత్రం తిరగడం మాని ఊగుతుంది. ఆగి ఉన్న రోటరు కదలదు, చుట్టల్లో కరెంటు అనేక రెట్లు పెరిగి వైండింగు కాలుతుంది. మోటారు మూలుగుతూ తిరగకపోతే వెంటనే స్టార్టరు ఆపాలి, మూడు ఫేజులూ ఉన్నాయని తేలేదాకా మళ్లీ వేయకూడదు. ఫేజు పోయింది ఫ్యూజు వల్లయితే, గద్దె మీద దాన్ని వేసే పని మాత్రం లైన్‌మన్‌దే.