పెరట్లో ముంగిస కనిపిస్తే కుక్క ఆగడం లేదా? నల్లమల అంచు ఊళ్లలో పాటించాల్సిన జాగ్రత్తలు

గిద్దలూరు, కంభం, మార్కాపురం, దోర్నాల, యర్రగొండపాలెం వైపు చాలా ఇళ్లకు వెనక దొడ్డి ఉంటుంది. అందులో నాలుగు కోళ్లు, ఒకటో రెండో మేకలు, వాటికి కాపలాగా ఒక కుక్క. దొడ్డి గోడ దాటితే చిల్లకంప, ఆ తర్వాత పొలాలు, ఇంకాస్త పోతే నల్లమల. అందుకే ముంగిసలు, ఉడుములు, కొండముచ్చులు, అడవి పందులు, పాములు ఇళ్ల దాకా వస్తుంటాయి.

కొన్ని కుక్కలు వీటిని చూసి నాలుగు సార్లు మొరిగి ఊరుకుంటాయి. కొన్నింటికి మాత్రం ధ్యాసంతా వాటి మీదే. ముంగిస కనిపించిన గోడ దగ్గరే గంటల తరబడి నిలబడతాయి. కంచె కింద మట్టి తవ్వుతాయి. పిలిస్తే పలకవు, అన్నం పెట్టినా ముట్టవు. ఇంట్లోవాళ్లు రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు "భలే కాపలా కుక్క" అని మురిసిపోతారు. కొందరు కర్ర తీసుకుంటారు. రెండింటి వల్లా అలవాటు ఇంకా ముదురుతుంది.

అది కోపం కాదు, వేట గుణం

కుక్కలో వేట ఒక వరసలో సాగుతుంది. వాసన పట్టడం, కదలకుండా చూడడం, పొంచి నడవడం, తరమడం, పట్టుకోవడం, చంపడం. అన్ని కుక్కలకూ ఈ గుణం ఎంతో కొంత ఉంటుంది. రాజపాలయం లాంటి వేట జాతుల్లో ఎక్కువ.

ఇక్కడ తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఒకటుంది. తరమడమే కుక్కకు బహుమానం. ముంగిస దొరక్కపోయినా ఫర్వాలేదు, అది పారిపోతే చాలు, కుక్క లెక్కలో తను గెలిచినట్టే. రేపు అదే వేళకు అదే చోట కాపు కాస్తుంది. పది రోజులు ఆపి, పదకొండో రోజు ఒక్కసారి తరమనిచ్చినా మళ్లీ ఆశ పుడుతుంది. అందుకే శిక్షణ కంటే ముందు తరిమే అవకాశాన్నే తీసేయాలి.

ఆ ఊపులో ఉన్న కుక్కకు అరుపులు చెవికెక్కవు. పైగా యజమాని కూడా తనతో కలిసి మొరుగుతున్నాడనుకుంటుంది. కొడితే జంతువు మీద ధ్యాస తగ్గదు, మనిషి మీద భయం పెరుగుతుంది. పిల్లలు వెనక నుంచి మెడపట్టీ పట్టుకుని లాగితే ఇంకా ప్రమాదం. పెంచినవాళ్లేనని గుర్తించకుండానే తిరిగి కరిచేయవచ్చు. కుక్క దేన్నైనా గుచ్చి చూస్తున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదని పిల్లలకు గట్టిగా చెప్పాలి.

ఇక్కడ తేలిగ్గా తీసుకోకూడదు ఎందుకంటే

మార్కాపురం, గిద్దలూరు అటవీ ప్రాంతాలు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంతో ముడిపడి ఉన్నవి. పట్నంలో కుక్క ఉడుత వెంట పడటం వేరు, ఇక్కడ పొదల్లోకి దూరడం వేరు. ఆ పొదలో నాగుపాము ఉండొచ్చు, రక్తపింజరి ఉండొచ్చు. అడవి పంది కోరతో పొట్ట చీల్చగలదు. ఏదుపంది ముళ్లు మూతిలో లోతుగా దిగిపోతాయి. ఎలుగుబంటిని రెచ్చగొట్టిన కుక్క భయపడి వెనక్కి పరిగెత్తేది తన ఇంటి వైపే. ఎలుగు దాని వెంటే వస్తే ఎదురుపడేది ఇంట్లోవాళ్లే.

చిరుతకు కుక్క తేలిగ్గా దొరికే ఆహారం. మహారాష్ట్రలోని అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలో ఊళ్ల మధ్య తిరిగే చిరుతల మీద జరిగిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వాటి ఆహారంలో బరువు లెక్కన 39 శాతం పెంపుడు, వీధి కుక్కలేనని తేలింది. ఇక నంద్యాల-గిద్దలూరు ఘాట్ దారిలో పచ్చర్ల దగ్గర 2024 జూన్‌లో కట్టెల కోసం అడవిలోకి వెళ్లిన ఒక మహిళ చిరుత దాడిలో చనిపోయింది. ఆ ఘటనకూ కుక్కలకూ సంబంధం లేదు. కానీ తప్పిపోయిన కుక్కను వెతుక్కుంటూ చీకట్లో చిల్లకంపలోకి వెళ్లేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ప్రమాదం కుక్క నుంచి అడవికి కూడా ఉంది. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులి పిల్లలు కనిపించినప్పుడు, కుక్కల బారిన పడకుండా ఊరివాళ్లు వాటిని గదిలో పెట్టి అటవీశాఖకు అప్పగించారు. కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్ సోకి 2018లో గుజరాత్ గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి. నక్క, ముంగిస కరిచినా కుక్కకు రేబిస్ రావచ్చు, కుక్క నుంచి మనుషులకు రావచ్చు. కాబట్టి మూడు నెలల వయసు నుంచి రేబిస్ టీకా, ఏటా బూస్టర్, దాంతోపాటు డిస్టెంపర్, పార్వో టీకాలు తప్పనిసరి.

చట్టం కూడా ఉంది. ఉడుము, నెమలి, ఎలుగు, చిరుత 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అడవి జంతువును చంపడమే కాదు, వెంటాడి తరమడం కూడా ఆ చట్టంలో వేట నిర్వచనం కిందికి వస్తుంది. సరదాకు "ఉస్కో" అని కుక్కను ఉసిగొల్పడం సరదాగా పోయే పని కాదు.

ముందు దొడ్డిని సర్దాలి

జంతువులు ఊరికే రావు, తిండి కోసం వస్తాయి. కోళ్ల గింజలు చల్లి వదిలేస్తే ఎలుకలు వస్తాయి. ఎలుకల కోసం పాములు, గుడ్ల కోసం ముంగిసలు, ఉడుములు వస్తాయి. గింజలు సాయంత్రానికే ఎత్తేయాలి. కోళ్ల గూడుకు సన్న కన్నాల జాలీ వేసి రాత్రి గడియ పెట్టాలి. కట్టెలు, పాత ఇటుకలు, పలక రాళ్ల కుప్పలు గోడ పక్కన లేకుండా చూడాలి.

చికెన్ వ్యర్థాలు, బక్రీద్ రోజుల్లో ఖుర్బానీ పేగులు, ఎముకలు దొడ్డి వెనక పారేస్తే నక్కలు, పందులు, వీధి కుక్కలు చేరతాయి. వాటి వెనకే చిరుత రావచ్చు. లోతుగా గుంట తీసి పూడ్చిపెట్టాలి.

కుక్క గోడ దగ్గర కాపు కాసే చోట తడిక గానీ రేకు గానీ అడ్డం పెట్టి అవతల కనపడకుండా చేయాలి. కంచె కింద తవ్వుతుంటే అడుగున బరువైన రాళ్లు పరవాలి. మగ్రిబ్ అజాన్ వినపడేసరికి కుక్కను గట్టి తలుపున్న గదిలోకో, పైకప్పున్న బోనులోకో మార్చి, ఫజర్ తర్వాత బాగా తెల్లారాకే వదలాలి. అడవి జంతువులు ఎక్కువగా తిరిగేది ఆ మధ్య వేళల్లోనే.

తర్వాత పిలుపు నేర్పాలి

ఇంట్లో ఒకరు "ఆజా" అని, ఇంకొకరు "రా" అని, పిల్లలు "ఇధర్ ఆ" అని పిలిస్తే కుక్కకు ఏదీ అర్థం కాదు. అందరూ ఒకే మాటకు కట్టుబడాలి.

మొదటి వారం వసారాలోనే. పిలవాలి, అది తిరిగి చూడగానే ఎముక లేని ఉడికిన చికెన్ ముక్కో, గుడ్డు ముక్కో నేల మీదికి విసరాలి. ఒక్కోసారి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. ఉల్లిపాయ తగిలిన కూర, ఉడికిన ఎముకలు పెట్టకూడదు.

రెండో దశలో ఆరేడు మీటర్ల తాడు కట్టి, జంతువులేవీ లేని వేళ దొడ్డిలో ఇదే చేయాలి. మూడో దశలో ముంగిసో ఉడుతో దూరంగా కనిపించేటప్పుడు చేయాలి. ఎంత దూరం అన్నదానికి కొలత తేలిక. పెట్టిన ముక్క కుక్క తింటే ఆ దూరం సరైనది. తినకుండా గుచ్చి చూస్తుంటే దగ్గరైపోయినట్టే, పది అడుగులు వెనక్కి తీసుకెళ్లాలి. జంతువును చూడగానే పిలవాలి, తిరగగానే పెట్టాలి. కొన్నాళ్లకు పిలవకముందే జంతువును చూసి యజమాని వైపు తిరుగుతుంది. అప్పుడు నాలుగు అడుగులు ముందుకు జరగవచ్చు.

వేట గుణానికి వేరే దారీ చూపించాలి. రోజూ పెట్టే తిండిలో కొంత గోనె సంచి మడతల్లో, పాత కుండల్లో దాచి వాసన పట్టి వెతుక్కోనివ్వాలి. పావుగంట ఇలా వెతికిన కుక్క చాలాసేపు నిమ్మళంగా పడుకుంటుంది.

గొలుసు, పాకీ, కరుణ

పగలూ రాత్రీ గొలుసుకు కట్టేస్తే సమస్య తీరదు. కట్టేసిన కుక్క చూస్తూ మొరగడం తప్ప ఏమీ చేయలేదు, ఆ చికాకు కరిచే గుణంగా మారుతుంది. చిరుత వస్తే పారిపోయే దారీ ఉండదు.

పశువుల, పంటల కాపలాకూ వేటకూ కుక్కను ఉంచుకోవడానికి హదీసుల్లో అనుమతి ఉంది. సూరా మాయిదా నాలుగో ఆయత్‌లో శిక్షణ ఇచ్చిన వేట జంతువుల ప్రస్తావన ఉంది. పంపితే వెళ్లాలి, ఆపితే ఆగాలి, అప్పుడే అది శిక్షణ పొందిన కుక్క అని ఫిఖ్ పండితులు వివరించారు. నేటి చట్టం ప్రకారం వేట కుదరదు, కానీ ఆపితే ఆగడం అన్న గీటురాయి కాపలా కుక్కకూ వర్తిస్తుంది. పిల్లిని కట్టేసి తిండి పెట్టని స్త్రీ శిక్షకు గురైందనీ, దాహంతో ఉన్న కుక్కకు నీళ్లిచ్చిన మనిషి క్షమాపణ పొందాడనీ దైవప్రవక్త (స) చెప్పిన సంగతి తెలిసిందే.

పాకీ విషయంలో ఇబ్బంది లేకుండా కుక్కకు వేరే గిన్నె, వేరే చోటు పెట్టాలి. శిక్షణలో ముక్కను చేతితో తినిపించకుండా నేల మీదికి విసిరితే లాలాజలం చేతికీ బట్టలకూ అంటదు. అది నోరు పెట్టిన పాత్రను ఎన్నిసార్లు కడగాలన్నదానిపై మజ్‌హబుల మధ్య తేడా ఉంది, స్థానిక ఇమామ్‌ను అడిగి పాటించవచ్చు.

అత్యవసరమైతే

కుక్క ఒకే చోట నిలబడి ఆగకుండా మొరుగుతుంటే పాము ఉందేమో అనుకోవాలి. దగ్గరికి వెళ్లకుండా దూరం నుంచే తాడు లాగాలి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, నాటు మందు పోయడం వద్దు. కదలనీయకుండా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పశు వైద్య సంచార వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. మనిషికి కుక్క గానీ అడవి జంతువు గానీ కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బుతో పారే నీటి కింద కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి. చిరుత, ఎలుగు జాడ కనిపిస్తే వెతకడానికి గుంపుగా వెళ్లకుండా అటవీశాఖకు చెప్పాలి.

వేట గుణం పూర్తిగా పోదు. రోజూ చేస్తే కొన్ని వారాల్లో పిలుపుకు తిరగడం మొదలవుతుంది. అది నమ్మకంగా కుదిరేదాకా దొడ్డి దాటి బయటికి తీసుకెళ్లినప్పుడల్లా మెడకు తాడు ఉండాల్సిందే.