ఇల్లు మెరిసింది.. కాలు జారింది

పిడుగురాళ్లలో మా పాత ఇంటికి మరమ్మతులు పూర్తయి మూడు నెలలైంది. ఒకరోజు తెల్లవారుజామున బాత్‌రూమ్‌కు వెళ్లిన అమ్మ తడి టైల్ మీద కాలు జారి పక్కకు పడింది. తలుపు లోపలికి తెరుచుకునే రకం. దానికి అడ్డంగా అమ్మ పడి ఉంది. తోస్తే ఆమెకే తగులుతుంది. గడియ, మడతబందులు ఊడదీసి లోపలికి వెళ్లేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మంచం, వాకర్.. ఆమె తనంతట తాను మళ్లీ వాకిట్లోకి రావడానికి ఐదు నెలలు పట్టింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లపాటు అదే ఇంట్లో గరుకు నాపరాళ్ల మీద నడిచింది. ఒక్కసారీ పడలేదు. ఆ రాళ్లు తీయించి, అద్దంలా మెరిసే టైల్స్ వేయించింది నేనే.

అప్పటి నుంచి ఇల్లు బాగుచేయించుకున్నవాళ్లు ఎవరు కనిపించినా ఒకటే అడుగుతున్నాను, మళ్లీ చేయిస్తే ఏం మారుస్తారని. రంగుల గురించో, ఫాల్స్ సీలింగ్ గురించో చెప్పేవాళ్లు తక్కువ. ఎక్కువగా వినిపించేవి బాత్‌రూమ్ నేల, స్లాబ్ వేడి, పని జరిగినన్నాళ్లూ పట్టుకున్న దగ్గు. మూడూ ఆరోగ్యం సంగతులే. మూడింటికీ ఖర్చు పెద్దగా కాదు, ముందే ఆలోచిస్తే.

కాలి కింద ఏముంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6.84 లక్షల మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. అరవై దాటినవారికి ముప్పు మరీ ఎక్కువ. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో ఎముక పలచబడుతుంది. దానికి చూపు మందగించడం, బీపీ మాత్రల వల్ల లేవగానే కళ్లు తిరగడం, రాత్రిళ్లు మూత్రానికి లేవడం తోడవుతాయి. ఇలాంటివారికి నున్నటి తడి నేల ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? మా ఊళ్లో ఇంకొకటి కూడా ఉంది. బట్టీలకు దగ్గరున్న ఇళ్లలో నేల మీద సన్నటి సున్నపు పొడి పడుతూనే ఉంటుంది. నున్నటి టైల్ మీద ఆ పొడికి నీళ్లు తోడైతే సబ్బు రాసినట్టే.

టైల్ కొనేటప్పుడు షోరూమ్ లైటు కింద చూసి మురిసిపోకండి. ఒక టైల్ కింద పెట్టించి, నీళ్లు చల్లి, ఎవరినైనా పట్టుకుని అరికాలితో రుద్ది చూడండి. పట్టును సూచించే గుర్తులు కొన్ని పెట్టెల మీద ఉంటాయి. ఆర్9 కంటే ఆర్11కు పట్టు ఎక్కువ. బాత్‌రూమ్‌లో కమోడ్ పక్కన, స్నానం చేసే చోట పట్టుకోవడానికి స్టీల్ కడ్డీ ఉండాలి. అది గోడలోకి గట్టిగా బిగించినదై ఉండాలి. టవల్ ఆరేసే రాడ్ మనిషి బరువు మోయదు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు ఒకటి ఉంటే మంచిది. ఇవన్నీ ప్లంబర్ పని చేస్తుండగానే చెబితే ఒక పూట పని. తర్వాత గుర్తొస్తే టైల్స్ పగలగొట్టాలి.

ఎవరైనా పడ్డాక ఒక కాలు పొట్టిగా, పాదం బయటి వైపు తిరిగి కనిపిస్తే తుంటి విరిగిందని అనుమానించాలి. చంకల్లో చేతులేసి లేపి నిలబెట్టవద్దు. కదపకుండా 108కు ఫోన్ చేయండి. నాటు కట్ల కోసం రోజులు పోగొట్టవద్దు. మంచం మీద ఎంత ఎక్కువకాలం ఉంటే న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, వీపు పుండ్ల ముప్పు అంత పెరుగుతుంది. అందుకే డాక్టర్లు వీలైనంత త్వరగా ఆపరేషన్ చేసి నడిపించాలని చూస్తారు.

సున్నం ఊళ్లో నల్లటి డాబాలు

రెండో పశ్చాత్తాపం పల్నాడు ఎండల గురించి. పక్కనే ఉన్న రెంటచింతల పేరు వేసవిలో రోజూ వార్తల్లో వినిపిస్తుంది. పగలంతా వేడిని పీల్చిన కాంక్రీట్ స్లాబ్ రాత్రంతా దాన్ని గదిలోకి వదులుతుంది. పగటి ఎండకు అలసిన శరీరం రాత్రి చల్లబడాలి. చల్లబడకపోతే నిద్ర పట్టదు, గుండె మీద భారం పెరుగుతుంది. వృద్ధులు, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ముందుగా దెబ్బతింటారు. ఫ్యాన్ ఉంది కదా అనుకోవడానికీ లేదు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ గాలి చల్లబరచకపోగా ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.

తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుంది. ఇంటి లోపల వేడి 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుందని అంచనా. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఊరూరికీ సున్నం పంపే మన పిడుగురాళ్లలో మాత్రం డాబా ఎక్కి చూస్తే నాచు పట్టి నల్లబడ్డ స్లాబులే ఎక్కువ. గదికి ఏసీ కొంటాం కానీ డాబాకు వెల్ల వేయం. నేనూ అంతే చేశాను. స్లాబ్‌కు పగుళ్లు పూడ్పించి, శుభ్రంగా కడిగించి, జిగురు కలిపిన చిక్కటి సున్నం మార్చికల్లా రెండు పూతలు వేయిస్తే వేసవి గడుస్తుంది. వానలకు పోతుంది కాబట్టి ఏడాదికోసారి వేయాల్సిందే. ఎక్కువకాలం ఉండాలంటే కూల్ రూఫ్ పెయింట్లు ఉన్నాయి, ధర ఎక్కువ.

సున్నంతో చనువు పనికిరాదు. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పడితే కుతకుత ఉడుకుతుంది, చుట్టూ చిమ్ముతుంది. రాళ్ల మీద నీళ్లు గుమ్మరించకుండా, ఇనప పాత్రలో నీళ్లు పోసి రాళ్లను కొద్దికొద్దిగా వేయాలి. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. సున్నం క్షార గుణం ఉన్న పదార్థం. కంట్లో పడితే పైపైన ఆగదు, నల్లగుడ్డు లోతుల్లోకి దిగుతుంది. నలపకండి, నూనె, చనుబాలు పోయకండి. రెప్పలు తెరిచిపెట్టి, ధారగా మంచినీళ్లతో కనీసం అరగంట కడగండి. ఆ తర్వాతే ఆస్పత్రికి. రెప్ప కింద ఇరుక్కున్న సున్నపు ముక్కను డాక్టరే తీయాలి. తమలపాకుల సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కినా ఇదే ప్రమాదం.

పని జరిగే వారాలు

గ్రానైట్, టైల్స్‌ను పొడిగా కోస్తే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల లోపలికి చేరి, ఏళ్ల తరబడి పీల్చేవారికి సిలికోసిస్ తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ఇంట్లోవాళ్లకు కొన్ని వారాల దగ్గుతో పోతుంది, కోసే కుర్రాడికి అది రోజువారీ గాలి. కోత ఆరుబయట, నీళ్లు పోస్తూ చేయమని, ఎన్95 మాస్క్ పెట్టుకోమని చెప్పాల్సింది ఇంటి యజమానే. ఆ మాస్కులు మనమే కొనిస్తే ఇంకా నయం. ఆస్తమా ఉన్నవారిని, పసిపిల్లలను ఆ రోజుల్లో బంధువుల ఇంటికి పంపండి.

పాత తలుపులు, కిటికీల రంగు గీకించేటప్పుడు మరో జాగ్రత్త. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఆయిల్ పెయింట్లలో సీసం ఎక్కువగా ఉండొచ్చు. పొడిగా సాండ్ పేపర్ కొడితే ఆ దుమ్ము నేల మీద, అక్కడి నుంచి పాకే పిల్లల నోట్లోకి చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణులకూ మంచిది కాదు. తడిపి గీకించండి. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిపించండి.

మా ఇంట్లో ఇప్పుడు బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకుంటుంది. గడియ బయటి నుంచి కూడా తీయొచ్చు. స్నానం చేసే చోట టైల్స్ పీకించి గరుకువి వేయించాం. పాత నాపరాళ్లు పెరట్లో గోడకు ఆనించి ఉన్నాయి. వాటిలో నాలుగు ఏరి బాత్‌రూమ్ గుమ్మం ముందు పరిపించింది అమ్మ.