ఇంట్లో కూర్చునే హాజరయ్యే ‘మేలు లెక్కల’ సదస్సు



మన సంఘాల చేతిలో ఉండే డబ్బు తక్కువ. ఉగాది వేదిక, శాలువాలు, భోజనాలు పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఆ మిగిలినది ఎక్కడ పెడితే ఎక్కువ మేలు జరుగుతుందో లెక్క కట్టి చూసే ఉద్యమం ఒకటుంది. పేరు ఎఫెక్టివ్ ఆల్ట్రూయిజం. వారి ఆన్‌లైన్ సదస్సు ఈఏజీఎక్స్ వర్చువల్. హోసూరులో మా ఇంట్లో కూర్చునే హాజరయ్యాను కనుక, వెళ్లదలచినవారి కోసం రాస్తున్నాను.

ముందు దరఖాస్తు పెట్టాలి. మీరేం చేస్తారు, ఎందుకు రావాలనుకుంటున్నారు అని అడుగుతారు. సంఘం పని అని రాస్తే చాలు, బిడియం వద్దు. తర్వాత స్వాప్‌కార్డ్ అనే యాప్‌లో వచ్చినవారి వివరాలు కనిపిస్తాయి. నచ్చినవారిని కాసేపు మాట్లాడదామని అడగవచ్చు. అసలు ప్రయోజనం ఈ ముఖాముఖి మాటలదే. ఉపన్యాసాలు తర్వాత వీడియోల్లో కూడా చూసుకోవచ్చు. గడియారం మాత్రం జాగ్రత్త: లండన్‌లో మధ్యాహ్నం రెండంటే మనకు రాత్రి ఏడున్నర, వారి వేసవిలో అయితే ఆరున్నర.

వీరి లెక్క ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. కెన్యాలో ఎడ్వర్డ్ మిగెల్, మైఖేల్ క్రెమర్ చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. నులిపురుగుల మాత్రలు ఇచ్చిన బడుల్లో పిల్లలు బడి మానడం దాదాపు నాలుగో వంతు తగ్గిందని అందులో రాశారు. మాత్ర ఖర్చు అతి స్వల్పం. మన దేశంలోనూ 2015 నుంచి ఏటా ఫిబ్రవరి 10న పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ ఇస్తున్నారు. అయితే అదే 2015లో వేరే పరిశోధకులు ఆ కెన్యా లెక్కలను తిరగేసి సందేహాలు లేవదీశారు. క్రెమర్‌కు 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, వాదన మాత్రం ఆగలేదు. ఇలా ఎదురు ప్రశ్నను మర్యాదగా అడగనిచ్చే పద్ధతి నాకు నచ్చింది. మన సమావేశాల్లో పద్దు అడిగితేనే ముఖాలు మాడిపోతాయి!

నచ్చనిదీ ఉంది. ఆరోగ్యానికి, ఆదాయానికి వారి దగ్గర కొలత ఉంది. తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత మన పిల్ల తెలుగు చదవగలగడానికి కొలత ఏది? సరైన జవాబు నాకు దొరకలేదు. కొలత లేనంత మాత్రాన విలువ లేదని నేను ఒప్పుకోను.

కానీ వారు వేసే ఒక ప్రశ్న మనకూ పనికొస్తుంది: ఈ డబ్బు మనం ఇవ్వకపోతే ఏమయ్యేది? మొదటి మార్కులు వచ్చిన పిల్లకు మనం బహుమతి ఇవ్వకపోయినా ఆమె చదువుతుంది. తెలుగు అయ్యవారు లేని బడిలో సాయంత్రం పాఠం చెప్పేవారికి గౌరవ వేతనం ఇవ్వకపోతే, ఆ పిల్లలకు అక్షరాలే రావు. అందుకే బహుమతుల పద్దులో సగం సాయంత్రం పాఠాలకు మార్చాలన్న ప్రతిపాదన రాబోయే సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాను. పెద్దల పేరిట దాతలు ఇచ్చే బహుమతులు కాబట్టి ఒప్పించడం కష్టమే. ఇతర ఊళ్ల సంఘాల్లో ఇలా ఎవరైనా మార్చి ఉంటే, దాతలతో ఎలా మాట్లాడారో ఈ పత్రికకు రాయండి.