బడి భవనము - ఊరి అవసరము: ఖర్చు ఎవరిది?

పల్లెలో వందమంది ఒక్కచోట కూర్చుండదగిన నీడ ఏదని వెదకినచో, తరచుగా కనిపించునది ప్రభుత్వ పాఠశాల ఒక్కటే. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11న విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ మొదలగు జిల్లాలు ఏర్పడినవి గాని, ఈ విషయములో మార్పేమియు లేదు. ఎన్నికల పోలింగు, వైద్య శిబిరము, రాత్రి బడి, యువజన సంఘపు సమావేశము, ముషాయిరా, కొన్నిచోట్ల పెండ్లి విందు సైతము ఆ గోడల మధ్యనే జరుగుచుండును. ఇది తప్పని మేము అనము. ప్రజల సొమ్ముతో కట్టిన భవనము సాయంకాలము నాలుగు గంటల నుండి మరునాటి ఉదయము వరకు తాళము వేసియుండుట కూడ ఒక విధమైన నష్టమే.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌షైర్‌లో విద్యాధికారియైన హెన్రీ మోరిస్ ఈ ఆలోచననే ఆచరణలో పెట్టి 1930లో సాస్టన్ గ్రామమున మొదటి గ్రామ కళాశాలను నెలకొల్పెను. పగలు పిల్లలకు బడి, సాయంకాలము పెద్దలకు విద్యాకేంద్రము. మన దేశములో 1978 అక్టోబరు 2న ప్రారంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమమునకు కూడ చాలచోట్ల బడి వరండాయే ఆశ్రయమైనది.

అయితే సమావేశము ముగిసిన మరునాడు ఆ గదులను ఊడ్చునది ఎవరు? విరిగిన బల్లకు మరమ్మతు చేయించునది ఎవరు? "ఉచితముగా ఇచ్చినాము" అన్న మాట వినుటకు సొంపుగానే ఉండును. కాని ఆ ఖర్చు ఎక్కడికిని పోదు; ప్రధానోపాధ్యాయుని జేబు మీదనో, సోమవారము ఉదయము చీపురు పట్టుకొను పిల్లల మీదనో పడును. ఆ పిల్లలలో బాలికలే ఎక్కువ. మరుగుదొడ్డి పాడైన దినమున మొదట ఇంటికి మరలిపోవునది కూడ వారే. ఈ ప్రశ్నను మేము ఎత్తుటకు ముఖ్య కారణము ఇదియే.

ప్రభుత్వము వద్ద నిధులు లేవా యని అడుగవచ్చును. సమగ్ర శిక్ష క్రింద విద్యార్థుల సంఖ్యను బట్టి ఏటేటా పాఠశాల గ్రాంటు నిర్ణయింపబడినది. 100కు పైబడి 250 వరకు విద్యార్థులున్న బడికి 50,000 రూపాయలు. సుద్దముక్కల నుండి సున్నము వరకు అందులోనే సర్దుకొనవలెను. 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము తన విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్తును ప్రకటించుట పెద్ద ఊరట. కాని అది చదువు కొరకు ఇచ్చిన కరెంటు. పెండ్లి పందిరికి దీపాల తోరణములు కట్టుటకు ఇచ్చినది కాదు. అట్టివారు తాత్కాలిక కనెక్షన్ గాని జనరేటరు గాని తామే ఏర్పాటు చేసికొనుట న్యాయము.

ఇక లెక్క ఎట్లు కట్టవలెను? ఒక ఊహా పాఠశాలను తీసికొందము. ఆరు గదులు, ఏడాది నిర్వహణ వ్యయము 1,05,600 రూపాయలు అనుకొందము. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు విద్యాహక్కు చట్టము విధించిన పనిదినములు 220. దినమునకు ఎనిమిది గంటలు భవనము తెరచియుండునని లెక్కించిన, ఆరు గదులకు కలిపి 10,560 గది-గంటలు వచ్చును. భాగించిన గదికి గంటకు పది రూపాయలు. రెండు గదులు నాలుగు గంటలు వాడుకొన్నవారికి 80 రూపాయలు, ఊడ్చు మనిషికి కూలి 200 అనుకొన్న మొత్తము 280. ఇందులో లాభము లేదు, కట్టడపు అరుగుదల కూడ చేర్చలేదు. చూచితిరా, అసలు భారము గదిది కాదు, మనిషిది! తాళము తీసి, వేసి, చివరివరకు కనిపెట్టుకొని యుండువాని శ్రమను ఎవరును లెక్కింపరు. పై చట్టపు 27వ సెక్షను జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతర విద్యేతర పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదని చెప్పుచున్నది. కావున ఆదివారపు సభకు పంతులుగారిని కాపలా ఉంచుట కుదరదు. కూలి ఇచ్చి వేరొకరిని పెట్టవలసినదే.

అందరి వద్దను ఒకే రుసుము తీసికొనుట మాత్రము అన్యాయము. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు సామర్థ్యమును మించిన వరద వచ్చినపుడు దిగువ గ్రామముల ప్రజలను తరలింపవలసి వచ్చినది. అట్టి ఆపదలో కిరాయి మాట ఎత్తు మనిషి ఉండడు. అయితే శిబిరము ఎత్తివేసిన పిదప శుభ్రపరచు ఖర్చును విపత్తు సహాయ నిధుల నుండి బడికి జమ కట్టుట అధికారుల బాధ్యత. ఎన్నికల సంగతియు అంతే. 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టము 160వ సెక్షను క్రింద భవనమును స్వాధీనపరచుకొనినచో, 161వ సెక్షను ప్రకారము ఆ ప్రాంతపు అద్దెను గమనించి పరిహారము నిర్ణయింపవలెను. అనగా వాడుకకు వెల ఉన్నదని చట్టమే అంగీకరించుచున్నది.

రాత్రి బడి, పదవ తరగతి విద్యార్థులకు ఉర్దూ, గణితములలో ఉచిత బోధన, మహిళల కుట్టు శిక్షణ - వీరి వద్ద గది రుసుము అడుగరాదని మా అభిప్రాయము. ఊడ్చు కూలి మాత్రము భరించిన చాలును. అదియు భరింపలేని వారు తామే ఊడ్చి, గదిని ఎట్లు తీసికొనిరో అట్లు అప్పగించవలెను. వస్తువులు అమ్ముకొను కంపెనీలు, ఫీజు వసూలు చేయు ట్యూషన్ల వారి సంగతి వేరు. వారు బజారులోని హాలుకు ఇచ్చు కిరాయి ఇక్కడను ఇయ్యవలెను. లేనిచో బీద పిల్లల గ్రాంటు నుండి వారి వ్యాపారమునకు సహాయము చేసినట్లగును.

డబ్బు చేతులు మారిన చోట అనుమానము పుట్టును. మండల విద్యాధికారి అనుమతి, పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానము ముందుగా ఉండవలెను. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగము మంది స్త్రీలు; మరుగుదొడ్ల విషయము వారికి వేరే చెప్పనక్కరలేదు. వచ్చిన పైకము కమిటీ బ్యాంకు ఖాతాలోనే జమ కావలెను, ప్రతి పైసకు రసీదు ఉండవలెను. ఉర్దూ, తెలుగు మాధ్యమములు ఒకే ఆవరణలో నడుచు చోట్ల రేట్ల పట్టికను రెండు భాషలలోను గోడపై వ్రాయించుట మంచిది. అప్పుడు ఒకరికి ఒక ధర, మరొకరికి ఒక ధర అన్న మాట రాదు. ముందుగా కొంత డిపాజిట్టు తీసికొని, మరునాడు ఉదయము బడి గంటకు ముందే కమిటీ సభ్యులిద్దరు గదులు, బల్లలు, కుళాయిలు చూచి, అంతయు సరిగా ఉన్నచో అక్కడికక్కడే సంతకము తీసికొని తిరిగి ఇచ్చివేయవలెను.