ఆ స్పోర్ట్స్ బైక్ ఆపేస్తున్నారట! పుకారు విని తొందరపడే ముందు ఇది చదవండి

"బ్రో, ఆ బైక్ ఆపేస్తున్నారట కదా, నిజమేనా?"

నెలకి ఒకసారైనా నాకు ఈ మెసేజ్ వస్తుంది. బైక్ పేరు మారుతుంది అంతే, ప్రశ్న మాత్రం అదే. ఫోన్ల గురించి రాసేవాడిని బైకుల గురించి ఎందుకు అడుగుతారు అనుకోకండి. నాకు ఈ విషయంలో సొంత అనుభవం ఉంది, అది కూడా డబ్బులు పెట్టి కొనుక్కున్న అనుభవం.

2017 చివర్లో నా దగ్గర యమహా ఆర్15 వెర్షన్ 2 ఉండేది. నాన్న చీటీ పాడి కొనిచ్చిన బండి. సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మిపెట్టే ఒకాయన ఒకరోజు ఆపి మరీ చెప్పాడు: "తమ్ముడూ, ఆర్15 కంపెనీ వాళ్ళు ఆపేస్తున్నారు. ఇంక స్పేర్లు దొరకవు. ఇప్పుడైతే నలభై వేలు ఇప్పిస్తా, రెండు నెలలు ఆగితే పాతిక కూడా రావు." ఆ వారమే రెండు వాట్సాప్ గ్రూపుల్లో అదే మాట కనిపించింది. భయమేసింది. అమ్మేశా. అదే కండిషన్ లో ఉన్న బండ్లు అప్పుడు యాభై ఐదు వేల దాకా పలుకుతున్నాయని తర్వాత తెలిసింది.

2018 ఫిబ్రవరిలో ఆటో ఎక్స్‌పోలో ఏం జరిగిందో మీకు తెలుసు. 155 సిసి ఇంజిన్ తో ఆర్15 వెర్షన్ 3 వచ్చింది, ఎక్స్-షోరూమ్ ధర 1.25 లక్షలు. 2021లో వెర్షన్ 4 కూడా వచ్చింది. అంటే ఆయన చెప్పింది పూర్తి అబద్ధం కాదు. వెర్షన్ 2 నిజంగానే ఆగింది. కానీ ఆర్15 ఆగలేదు. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడం వల్ల నాకు పదిహేను వేలు పోయాయి.

అందుకే ఈ ఆర్టికల్. అసలు "ఆపేశారు" అంటే ఏంటి, స్పోర్ట్స్ బైకుల మీదే ఈ పుకార్లు ఎందుకు ఎక్కువ, వింటే మనం ఏం చేయాలి, ఒక్కొక్కటిగా చూద్దాం.

"ఆపేశారు" అంటే నాలుగు అర్థాలు

ఫోన్ల విషయంలో మనకి ఇది బాగా అలవాటే. ఒక ఫోన్ స్టాక్ అయిపోయి షాపుల్లో కనిపించకపోయినా దానికి అప్‌డేట్స్ వస్తూనే ఉంటాయి. ఒక దేశంలో లాంచ్ కాని ఫోన్ ఇంకో దేశంలో అమ్ముడవుతూ ఉంటుంది. బైకుల్లో కూడా అంతే. "ఆపేశారు" అనే ఒక్క మాట వెనుక ఇవన్నీ ఉండొచ్చు:

1. ఒక వెర్షన్ ఆగింది, కొత్త వెర్షన్ వస్తోంది. నా ఆర్15 కథ ఇదే.

2. ఒక దేశంలో లేదా ఒక ప్రాంతంలో ఆగింది, మిగతా చోట్ల అమ్ముతున్నారు. సుజుకి జిఎస్ఎక్స్-ఆర్1000 యూరప్ లో 2022 తర్వాత ఆగింది, అమెరికాలో కొనసాగింది.

3. రోడ్డు మీద నడిపే మోడల్ ఆగింది, రేస్ ట్రాక్ మోడల్ ఉంది. యమహా ఆర్6 కి యూరప్ లో 2020తో ఇదే జరిగింది.

4. నిజంగానే ఆగింది. హోండా సిబిఆర్250ఆర్ మన దేశంలో 2011లో వచ్చింది. 2020లో బిఎస్6 రూల్స్ వచ్చాక దాన్ని అప్‌గ్రేడ్ చేయలేదు, లిస్టులోంచి తీసేశారు.

పుకారు మన దాకా వచ్చేసరికి ఈ నాలుగూ కలిసిపోయి "ఆపేస్తున్నారట" అనే ఒక్క ముక్క మిగులుతుంది. ఎక్కడ? ఏ వెర్షన్? ఎప్పటి నుంచి? ఈ మూడూ ఎగిరిపోతాయి.

హయబుస చచ్చిపోయిందన్నారు, తిరిగొచ్చింది

దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ సుజుకి హయబుస. 2004లో ధూమ్ సినిమాలో జాన్ అబ్రహం నడిపినప్పటి నుంచి మన కుర్రాళ్ళకి బైక్ అంటే ఇదే. ఆ పేరుకి జపనీస్ లో ఒక రకం డేగ అని అర్థం. 1999లో 1299 సిసి ఇంజిన్ తో వచ్చి ప్రపంచంలోనే వేగవంతమైన ప్రొడక్షన్ బైక్ అనిపించుకుంది. దాని వేగం చూశాకే పెద్ద కంపెనీలన్నీ తమ బైకుల టాప్ స్పీడ్ ని గంటకి 300 కిలోమీటర్ల లోపే ఉంచాలని ఒక మాట అనుకున్నాయి. 2008లో ఇంజిన్ 1340 సిసి అయింది. 2016 నుంచి మన దేశంలోనే అసెంబుల్ చేయడం మొదలైంది.

2018 చివర్లో "హయబుస ఇక లేదు" అని వార్తలు గుప్పుమన్నాయి. అసలు విషయం ఏంటంటే, యూరప్ లో యూరో 4 కాలుష్య నిబంధనలు 2016లో కొత్త మోడళ్ళకి, 2017 నుంచి పాత మోడళ్ళకి కూడా వర్తించాయి. పాత హయబుస ఇంజిన్ ఆ పరీక్ష పాస్ అయ్యేది కాదు. మిగిలిన స్టాక్ అమ్ముకోవడానికి ఇచ్చిన రెండేళ్ళ గడువు 2018 డిసెంబర్ తో ముగిసింది. ఆగింది యూరప్ లో అమ్మకం. అమెరికాలో 2019, 2020 మోడళ్ళు కూడా వచ్చాయి. మన దగ్గర కూడా బిఎస్6 వచ్చే దాకా దొరికింది.

2021 ఫిబ్రవరిలో మూడో తరం హయబుస బయటకి వచ్చింది. ఇంజిన్ అదే 1340 సిసి, కానీ లోపల చాలా మార్చారు. పవర్ 197 పిఎస్ నుంచి 190 పిఎస్ కి, టార్క్ 155 నుంచి 150 న్యూటన్ మీటర్లకి తగ్గింది. కొంతమంది ఫ్యాన్స్ ముక్కు విరిచారు. కానీ ఆ ఏడు పిఎస్ వదులుకోవడం వల్లే బండి యూరో 5 పాస్ అయి బతికింది. బదులుగా మధ్య ఆర్‌పిఎం లో ఎక్కువ టార్క్, ఆరు యాక్సిస్ ల సెన్సార్, రెండు వైపులా పనిచేసే క్విక్ షిఫ్టర్, క్రూజ్ కంట్రోల్ వచ్చాయి. ఏప్రిల్ లో మన దేశంలో 16.40 లక్షలకి లాంచ్ చేస్తే, మొదటి విడత 101 బండ్లూ రెండు రోజుల్లో బుక్ అయిపోయాయి.

జిఎస్ఎక్స్-ఆర్1000 ది కూడా ఇలాంటి కథే. సుజుకి 2022తో మోటోజిపి నుంచి తప్పుకోవడం, అదే సమయంలో యూరప్ లో ఈ బైక్ ఆగడం చూసి "సుజుకి సూపర్‌బైకులకి దండం పెట్టేసింది" అన్నారు. జిఎస్ఎక్స్-ఆర్ పేరుకి 40 ఏళ్ళు నిండిన 2025లో దాన్ని మళ్ళీ తెస్తున్నామని కంపెనీయే ప్రకటించింది.

స్పోర్ట్స్ బైకుల మీదే ఎందుకీ గండం?

కమ్యూటర్ బైకుల మీద ఇలాంటి పుకార్లు పెద్దగా రావు. దానికి టెక్నికల్ కారణం ఉంది.

స్పోర్ట్స్ ఇంజిన్ ఎక్కువ ఆర్‌పిఎం లో పవర్ ఇవ్వాలి. ఆ స్పీడులో సిలిండర్ నిండా గాలి లాగాలంటే ఇన్‌టేక్ వాల్వ్ లు, ఎగ్జాస్ట్ వాల్వ్ లు కొంతసేపు రెండూ తెరిచే ఉంచుతారు. దీన్నే వాల్వ్ ఓవర్‌ల్యాప్ అంటారు. పదివేల ఆర్‌పిఎం దాటాక ఇది సూపర్ గా పనిచేస్తుంది. కానీ సిటీలో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు కాలని పెట్రోల్ కొంత నేరుగా సైలెన్సర్ లోకి జారిపోతుంది. కాలుష్య పరీక్షలో ఇదే దొరికిపోతుంది.

నిబంధనలు ఎంత బిగిశాయో చూడండి. యూరో 3 లో కార్బన్ మోనాక్సైడ్ కిలోమీటరుకి 2 గ్రాముల దాకా ఒప్పుకునేవాళ్ళు. యూరో 4 లో 1.14 గ్రాములు, యూరో 5 లో 1 గ్రాము. నైట్రోజన్ ఆక్సైడ్లయితే 0.15 నుంచి 0.09 కి, అక్కడి నుంచి 0.06 కి తగ్గించారు.

దీనికి మందు లేకపోలేదు. ఆర్15 వెర్షన్ 3 లో వచ్చిన విఎవి... కాదు కాదు, వివిఎ టెక్నాలజీ (మా ఫ్రెండ్స్ అందరూ ఇలాగే తప్పు పలుకుతారు) అదే. 7,400 ఆర్‌పిఎం దగ్గర వాల్వ్ ని తెరిచే క్యామ్ మారుతుంది. కింద ఒక పద్ధతి, పైన ఇంకో పద్ధతి. కానీ ఇలాంటివి పెట్టాలంటే డబ్బు కావాలి. నెలకి వేలల్లో అమ్ముడయ్యే బండికి ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. తక్కువ అమ్ముడయ్యే బండికి కాదు. ఆర్6 అక్కడే ఓడిపోయింది. పదహారు వేల ఆర్‌పిఎం దాటి అరిచే 599 సిసి ఇంజిన్ ని యూరో 5 కి మార్చడం కంటే, కొత్త బైక్ చేయడమే మేలనిపించింది. 2024లో యమహా 890 సిసి మూడు సిలిండర్ల ఆర్9 ని చూపించింది.

అంటే ఒక బైక్ ఆగుతుందా లేదా అన్నది చాలాసార్లు ఒకే లెక్క: రాబోయే రూల్ కి మార్చే ఖర్చు, అమ్మకాల మీద తిరిగి వస్తుందా?

మరి పుకారు నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

నేను ఇప్పుడు నాలుగు విషయాలు చూస్తాను.

మొదటిది క్యాలెండర్. రూల్స్ రాత్రికి రాత్రి రావు. బిఎస్4 బండ్లు 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబర్ లోనే చెప్పింది. ఓబిడి-2బి కి 2025 ఏప్రిల్ అని కూడా ముందే తెలుసు. ఇలాంటి తేదీకి ముందు వచ్చిన పుకారుని కాస్త సీరియస్ గా తీసుకోండి. ఏ తేదీ దగ్గరలో లేకపోతే అనుమానించండి.

రెండోది తోడు బండి. అదే ఇంజిన్ తో కంపెనీ ఇంకో బైక్ అమ్ముతోందా? ఆర్15 ఇంజిన్ ఎంటి-15 లో ఉంది. ఆర్‌సి 390 ఇంజిన్ కుటుంబం డ్యూక్ ది. ఇలా తోడు ఉన్నప్పుడు ఇంజిన్ మార్చే ఖర్చు రెండింటి మీదా పడుతుంది కాబట్టి అవకాశం బాగుంటుంది.

మూడోది కంపెనీ వెబ్‌సైట్. మోడల్ పేజీ పోయిందా, కలర్లు తగ్గాయా చూడండి. ఒక కలర్ పోతే అది మామూలు రిఫ్రెష్. పేజీ మొత్తం పోయి, రెండు మూడు ఊళ్ళ షోరూమ్ ల్లో బుకింగ్ తీసుకోవట్లేదంటే విషయం ఉన్నట్టే.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యం: ఈ మాట చెప్పే మనిషికి లాభం ఏంటి? నా బండి విషయంలో నేను అడగని ప్రశ్న ఇదే. "లాస్ట్ పీస్" అనేవాడు అమ్మాలనుకుంటున్నాడు. "ఇంక విలువ ఉండదు" అనేవాడు కొనాలనుకుంటున్నాడు.

కొనాలా? అమ్మాలా?

మీ దగ్గర ఆ బండి ఉంటే కంగారు పడి అమ్మకండి. ఆయిల్ ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్, క్లచ్ ప్లేట్లు లాంటివి మోడల్ ఆగినా చాలా ఏళ్ళు దొరుకుతాయి, బయటి కంపెనీలు కూడా చేస్తాయి. ముందుగా కరువయ్యేవి ఫెయిరింగ్ ప్యానెళ్ళు, హెడ్‌లైట్, మీటర్. ఎందుకంటే అవి ఆ ఒక్క మోడల్ కే సరిపోతాయి. డబ్బులుంటే అవి ఒక సెట్ కొని ఇంట్లో పెట్టుకోండి. ఇంకో మాట, కంపెనీ ఆపేసిన మోడళ్ళకి ఇన్సూరెన్స్ లో ఐడివి ని ఇన్సూరెన్స్ కంపెనీ, ఓనర్ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. రెన్యువల్ అప్పుడు వాళ్ళు వేసిన అంకెకి తల ఊపకుండా అడగండి.

కొత్తది కొనాలనుకుంటే, "లాస్ట్ స్టాక్" అని ఎక్కువ అడిగితే వెనక్కి వచ్చేయండి. ఆఖరి స్టాక్ కి తగ్గింపు ఉండాలి, పెంపు కాదు. 2017 మార్చి 29న బిఎస్3 బండ్లు ఏప్రిల్ 1 నుంచి అమ్మకూడదని సుప్రీంకోర్టు చెప్పాక కంపెనీలు వేల రూపాయల డిస్కౌంట్లు ఇస్తే, షోరూమ్ ల ముందు జనం ఎలా ఎగబడ్డారో గుర్తుందిగా? బండి మీద ఉన్న తయారీ నెల, సంవత్సరం చూడండి. గడువు తేదీ లోపు రిజిస్ట్రేషన్ అవుతుందని రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి.

చివరిగా ఒక్క విషయం. కిందటేడు విజయవాడలో ఒక పెట్రోల్ బంక్ దగ్గర నా పాత ఆర్15 కనిపించింది. నంబర్ చూసి గుర్తుపట్టా. ట్యాంక్ మీద నేను అతికించిన స్టిక్కర్ సగం చిరిగి ఇంకా అలాగే ఉంది. నడుపుతున్న కుర్రాడిని "స్పేర్లు దొరుకుతున్నాయా తమ్ముడూ?" అని అడిగా.

"ఎందుకు దొరకవన్నా?" అని నావైపు వింతగా చూసి, సెల్ఫ్ కొట్టి వెళ్ళిపోయాడు.