మరచిన నాలుగు మూలలు

పదవ తరగతి పిల్లలను తికమకపెట్టే లెక్క ఒకటుంది. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల పూలతోట చుట్టూ నాలుగు వైపులా ఒకే వెడల్పుతో బాట వేయాలి. 156 చదరపు మీటర్లకు సరిపడే రాళ్లున్నాయి. బాట వెడల్పు ఎంత?

తోట చుట్టుకొలత 40 మీటర్లు. కొందరు 156ను 40తో భాగించి 3.9 అంటారు. ఆ కొలతతో పని మొదలుపెడితే సుమారు 61 చదరపు మీటర్ల మేర రాళ్లు చాలవు. అవి నాలుగు మూలల్లో పరచవలసినవి. లెక్కలో మూలలను మరచిపోయారు!

వెడల్పును ‘ఎక్స్’ అనుకుందాం. నాలుగు పక్కల పట్టీలు కలిసి 40ఎక్స్, నాలుగు మూలలు 4ఎక్స్². మొత్తం 156. అంతటినీ 4తో భాగిస్తే: ఎక్స్² + 10ఎక్స్ = 39.

దాదాపు 1,200 సంవత్సరాల క్రితం, ఖలీఫా మామూన్ పాలనాకాలంలో ముహమ్మద్ బిన్ మూసా అల్-ఖ్వారిజ్మీ తన గ్రంథంలో సరిగ్గా ఈ సమీకరణాన్నే సాధించి చూపారు. ఆ గ్రంథం పేరులోని ‘అల్-జబ్ర్’ అనే మాటే నేటి ‘ఆల్జీబ్రా’.

ఆయన పద్ధతి బొమ్మలాంటిది. ఎక్స్ భుజంగా ఒక చతురస్రం గీయండి. 10ఎక్స్‌ను నాలుగు సమభాగాలు చేసి, 2.5 వెడల్పు గల పట్టీలుగా నాలుగు వైపులా చేర్చండి. ఇంతవరకు వైశాల్యం 39. మూలలు మాత్రం ఖాళీ. ఒక్కొక్క మూల 2.5 × 2.5 = 6.25, నాలుగూ కలిసి 25. వాటిని నింపితే 39 + 25 = 64. పెద్ద చతురస్రపు భుజం 8. ఇరుపక్కల పట్టీలు 5 తీసివేస్తే మిగిలేది 3. బాట వెడల్పు 3 మీటర్లు.

సరిచూద్దాం: 18 × 14 = 252. అందులో తోట వైశాల్యం 96 పోగా 156. నేటి సూత్రంతో −13 కూడా వస్తుంది. వెడల్పు రుణసంఖ్య కాజాలదు గనుక దాన్ని విడిచిపెడతాం.

వారసత్వ పంపకాలు, వీలునామాలు, వ్యాపారం, భూముల కొలతలలో ప్రజలకు అక్కరకు రావాలన్నది అల్-ఖ్వారిజ్మీ ఉద్దేశం. వీలునామాల లెక్కలకు ఆ గ్రంథంలో పెద్ద భాగమే కేటాయించారు. దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో నిర్ణయించిన వాటాలను హక్కుదారులకు పొల్లుపోకుండా అందించాలంటే లెక్క తెలియాలి కదా!

కనుక తల్లిదండ్రులారా, పిల్లల చేత సూత్రం వల్లె వేయించే ముందు ఈ బొమ్మ గీయించండి. కొలతలో విడిచిపెట్టిన మూల ఎవరో ఒకరి హక్కు కావచ్చునని కూడా చెప్పండి.